తియ్యటి చాయ్ సప్పగైన రోజు

ఆ రోజుల్లో నాకు నా నాలుక మీద ఉన్నంత నమ్మకం దేవుడి మీద కూడా ఉండేది కాదు. పప్పులో ఉప్పు చూడాలన్నా, పులుసులో పులుపు చూడాలన్నా ఇంట్లో నన్నే పిలిచేవారు. నేను కళ్లు మూసుకుని, నాడి పట్టిన వైద్యురాలిలా మొహం పెట్టి, "ఇంకో చిటికెడు" అని తీర్పు చెప్పేదాన్ని. (డిగ్రీలో రెండు సబ్జెక్టులు తప్పిన పిల్లకు ఇంట్లో దొరికే గౌరవం అదొక్కటే.) అలాంటి నాలుక సరిగ్గా నా పెళ్లిచూపుల నాడే నన్ను నట్టేట ముంచింది.

మాది సైదాబాద్. అప్పటికే ఒక సంబంధం దగ్గరిదాకా వచ్చి తప్పిపోవడంతో బాపు దిగాలుపడి ఉన్నాడు. ఇప్పుడొచ్చేది మలక్‌పేట వాళ్లు. అబ్బాయికి కరెంటాఫీసులో పని. ఫోన్లో ఫోటో చూసిన క్షణం నుంచీ నాకు అతనే కావాలనిపించింది, కానీ ఆ మాట ఎవరికీ చెప్పలేదు. ఈ సంబంధం కూడా పోతే ఏం కావాలి అన్న భయంతో ముందు రాత్రి నిద్రే పట్టలేదు.

మా ఇంట్లో చుట్టాలెవరొచ్చినా ముందు మీఠా, అంటే ఏదో ఒక తీపి వంటకం, ఆ తర్వాతే చాయ్. అందుకని పెద్దమ్మ చార్మినార్ దగ్గర కొన్న ఎండు ఖుబానీ పండ్లు నానబెట్టి, పొద్దున్నుంచే పాకం తిప్పుతూ కూర్చుంది. "జర చూడు బిడ్డా, తీపి సరిపోయిందా?" అని ఒక చెంచా నోట్లో పెట్టింది. కాసేపటికి "ఇప్పుడు చూడు" అని ఇంకోటి. "ఇగ దించుతున్న, ఆఖరిసారి చూడు" అని మరోటి. తీపి వద్దనడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

వాళ్లు వచ్చారు, మీఠా తింటున్నారు. నేను వంటింట్లో గరిటెకంటిన పాకం నాకుతూనే చాయ్ పెట్టి, చక్కెర వేసి రుచి చూశాను. ఏమీ లేదు! వేడినీళ్లలా ఉంది. ఇంకొంచెం వేశాను. అప్పుడూ అంతే. కంగారులో డబ్బా వంచేశాను. అప్పుడు గానీ నా నాలుకకు తీపి తెలియలేదు. హమ్మయ్య అనుకుని, ట్రే పట్టుకుని, నేల చూపులతో బయటికొచ్చాను.

మొదటి గుక్కకే బాపు ఎగిరిపడ్డాడు. షుగర్ రోగి కాబట్టి పెద్దమ్మ ఆయన్ని మీఠా గిన్నె దరిదాపులకు కూడా రానివ్వలేదు. "అరే, ఏంది బిడ్డా ఇది! చాయ్ పెట్టినవా, పానకం చేసినవా?"

అదే క్షణంలో అబ్బాయి తల్లి కప్పు కింద పెట్టింది. "సప్పగుంది. చక్కెర ఏసుడు మర్చినట్టున్నది." ఆమె గిన్నెడు మీఠా ఖాళీ చేసి ఉంది.

"అక్కా, మజాక్ చేస్తున్నరా?" అన్నాడు బాపు.

"నేనెందుకు చేస్త? నా నోట్ల నాలుక లేదా? మీరే పానకమని మజాక్ చేస్తున్నరు!"

కప్పుల్లో తేడా ఉందేమోనని పెద్దమ్మ ఇద్దరి కప్పులూ మార్చింది. ఆమె కప్పు బాపుకు పానకమే, బాపు కప్పు ఆమెకు సప్పనే. పోనీ అని, వాళ్లతో పాటు మీఠా తిన్న పెద్దమ్మ తాను కూడా ఒక గుక్క తాగి "నాకు కూడా సప్పగనే ఉన్నది" అంది. (నా సొంత పెద్దమ్మ!) నాకేమో నేలమీద ఉన్నానో, నీళ్లలో ఉన్నానో తెలియలేదు. ఒకే గిన్నె, ఒకే చాయ్, మరి ఇదేం మాయ? లొల్లి ముదిరింది. అబ్బాయి తల్లి కొంగు సర్దుకుని లేవబోతూ కొడుకు వైపు తిరిగింది. "నువ్వు చెప్పురా. తియ్యగుందా, సప్పగుందా?"

అందరూ అతన్నే చూశారు. ముందు రోజే పన్ను పీకించుకున్నాడని మీఠా ముట్టలేదు. మొదటి గుక్కకు అతని కళ్లు పెద్దవైపోవడం నేను చూశాను. తియ్యగుందంటే తల్లికి కోపం, సప్పగుందంటే బాపు అబద్ధాలకోరు అవుతాడు. నా పెళ్లి ఆ నాలుక చివర వేలాడుతోంది. అతను కప్పు ఖాళీ చేసి, నాకేసి చాపి, నెమ్మదిగా అన్నాడు:

"ఇంకో కప్పు తాగి చెప్త."

ముందు బాపు నవ్వాడు, తర్వాత అత్తమ్మ. (అవును, ఆ నిమిషం నుంచే ఆమె అత్తమ్మ.) అతను రెండో కప్పు కూడా తాగాడు గానీ తీర్పు మాత్రం చెప్పలేదు.

తీపి తింటూ పోతే నాలుక దానికి అలవాటు పడి మొద్దుబారుతుందని, సైకాలజీ చదువుతున్న మా మేనకోడలు చెప్పేదాకా ఆ మాయ నాకు తెలియనే లేదు. అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఆయనకు ఇష్టమనుకుని నేను రోజూ అంత చక్కెరా వేశాను. మా ఇంటి పద్ధతే అదనుకుని ఆయన నోరు మూసుకుని తాగాడు. ఎవరికీ ఇష్టం లేని తీపి అని తెలిసేసరికి ఇద్దరికీ అది లేనిదే పొద్దుపోవడం లేదు.

మొన్న డాక్టరమ్మ ఇద్దరికీ చక్కెర మానిపించింది. పొద్దున ఒట్టి చాయ్ ముందు మొహం వేలాడేసుకుని కూర్చున్నాను. ఆయన కోసిన ఉసిరికాయ ముక్కలు తెచ్చి పెట్టాడు. "ముందు గిది నములు, తర్వాత తాగు. ఉసిరి తిని నీళ్లు తాగితే తియ్యగుండవా? గట్లనే."

నమిలాను. పళ్లు పులిశాయి, ఒక కన్ను దానంతటదే మూసుకుంది. చాయ్ తాగాను. అది తీపో, వగరో, అలవాటో, ఆయన మొహంలోని ఆశో, ఏమీ తేలలేదు.

"తియ్యగుందా?" అన్నాడు ఆత్రంగా.

నేను కప్పు ఖాళీ చేసి ఆయన వైపు చాపాను.

"ఇంకో కప్పు తాగి చెప్త."