ఎనిడ్ టాంటీ చేరితేనే మూత

నెలకో ఆదివారం తెల్లారకముందే అరీమాలో మ్యాక్సీ వ్యాను ఎక్కి, సముద్రపొడ్డున ఉన్న బ్లాంషిసూస్‌లో దిగి, అడవి దారిన పారియా జలపాతానికి నడిచే మా గుంపులో ముందెవరుండేవారో చెప్పలేను. ఎవరికి ఊపుంటే వాళ్లు. చివర మాత్రం ఎప్పుడూ ఎనిడ్ టాంటీయే. టాంటీ అంటే మా వైపు అత్త.

మా వీధి పిల్లల బడిబట్టలన్నీ ఆవిడ మిషను మీద కుట్టినవే. పెళ్లెందుకు చేసుకోలేదని అడిగితే, "నా కొలతకి సరిపోయినవాడు దొరకలేదమ్మా" అనేది. నెలంతా కుర్చీకి అతుక్కుపోయే మనిషి, ఆ ఒక్క ఆదివారం మెడలో విజిల్ వేసుకుని అందరి వెనకా నడిచేది. చెప్పు తెగినవాడు, ఏటి రాళ్ల మీద జారినవాడు, కొత్త పెళ్లాంతో ఊసులాడుతూ వెనకబడ్డవాడు, అందరూ ఆవిడ వాటా. ఒక్కరినీ అడవిలో వదిలి రాలేదని ఆవిడకి మహా గర్వం.

మాకో కట్టుబాటు ఉండేది. కాళ్లలో పస ఉన్నవాళ్లు ముందు చేరి, జలపాతం పక్కన పొయ్యి పెట్టి, చక్కెర మాడ్చి, కోడిముక్కలూ పచ్చి కందులూ బియ్యమూ వేసి పెలావ్ వండేవారు. చివరి మనిషి చేరేదాకా గుండిగ మూత తీయకూడదు. ఆ గుండిగ మోసేది సీలోచన్, ఆకలికి ఆగలేని మనిషి. టాంటీ కనబడగానే కేకేసేవాడు:

"టాంటీ, నిన్ను దాటొచ్చిన నత్త ఇందాకే స్నానం కూడా చేసి వెళ్లింది!"

"నీ పొట్ట అరుపు ఏటి దాకా వినిపించిందిరా. కోతులు బదులు కూడా పలికాయి."

ఇప్పటికీ ఇంట్లో పెలావ్ వండుతాను. కందులూ అవే, కోడీ అదే. తడి ఆకుల వాసన లేక కాబోలు, నా నాలుకకి ఆనదు.

ఒక ఏడు ఆవిడ మోకాలు వాచింది. కుచ్చెళ్ల లంగా కింద పట్టీ బిగించి, ఎవరికీ చెప్పకుండా వచ్చేసింది. ఆవిడ నడక చూసి నేనూ వెనకే ఉండిపోయాను. చివరి ఏరు దాటగానే రాయి మీద కూలబడింది. లేవబోయింది. లేవలేకపోయింది. చెట్ల వెనక నీళ్ల హోరు వినిపిస్తూనే ఉంది.

"నువ్వెళ్లమ్మా. నేను చేరాననుకుని మూత తీసేయమను."

"నిన్నొదిలేసా?"

"నా మోకాలికి వాళ్ల ఆదివారం బలి కావాలా? పో." ఆ హోరు వైపు చూసింది. "వచ్చే నెల నుంచి నన్నెవరు రానిస్తారే?" అంది.

నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మెడలోని విజిల్ లాక్కుని గట్టిగా ఊదాను.

సీలోచన్ పరుగున వచ్చాడు. ఆవిడ కాలు చూశాడు, వచ్చిన దారినే వెనక్కి పోయాడు. ఆకలికి వెళ్లిపోయాడనుకుని నోరారా తిట్టాను.

కాసేపటికి చెట్ల మధ్య నుంచి గుండిగ వచ్చింది. దాని చెవుల్లోంచి వెదురు దూర్చి ఒక కొస సీలోచనూ, రెండో కొస ఇంకొకడూ మోస్తున్నారు. వెనక గుంపంతా, తడి బట్టలతో. గుండిగని టాంటీ ముందు దించారు.

"చివరి మనిషి రాలేదు, అందుకని మేమే వచ్చాం. తొందరగా మూత తియ్యి టాంటీ, చచ్చేలా ఉన్నాను."

ఆవిడ మూత తీసింది. ఆవిరి మొహాన కొట్టింది. కళ్లు తుడుచుకుంటూ ఒక మెతుకు నోట్లో వేసుకుని, "పలుకుగా ఉందిరా సన్నాసీ" అంది.

తీరం దాకా నడిస్తే చాలు, ఊరికి చేర్చే చేపలవాళ్ల పడవ దొరుకుతుంది. తిన్నాక ఆవిడ ఎవరో విరిచిచ్చిన కర్ర పట్టుకుని లేచింది. "పదండి, వెనక నేనొస్తా."

ఎవరూ కదల్లేదు. సీలోచన్ నా చేతిలోని విజిల్ తీసుకుని తన మెడలో వేసుకున్నాడు. "ఈ పూట వెనక నేను. నీకు ఎంత మెల్లగా నడవాలనిపిస్తే అంత మెల్లగా నడువు."

అలా మా అందరికన్నా ముందు ఎనిడ్ టాంటీ నడిచింది. ముందు నడవడం ఆవిడకి చేతకాలేదు. నాలుగడుగులకోసారి ఆగి, వెనక్కి తిరిగి, "ఒరేయ్, అందరూ వస్తున్నారా?" అని అడుగుతూనే ఉంది.