గ్యాస్ ఇంజన్‌తో ఐసు

చిక్కడపల్లిలో మా మామగారు మొదలుపెట్టిన ఐసు ఫ్యాక్టరీని ఇప్పుడు నేనూ మా ఆయనా చూసుకుంటున్నాం. ఎండాకాలంలో కరెంటు పోయినప్పుడల్లా కంప్రెసర్ ఆగిపోయేది. ఐసు దిమ్మల నడుమ నీళ్ళు నీళ్ళుగానే ఉండిపోయేవి. చేపలమ్మే ఆడవాళ్ళు పొద్దున్నే వచ్చి ఉత్త గోనెసంచులతో తిరిగి వెళ్ళేవారు. అందుకే మా వీధికి గ్యాస్ పైపు రాగానే, కంప్రెసర్‌ని తిప్పడానికి గ్యాస్ ఇంజన్ పెట్టిద్దామనుకున్నాం.

మా అత్తగారికి అది నచ్చలేదు.

"మంట పెట్టి నీళ్ళు గడ్డకట్టిస్తారుటే?" అన్నారు.

"ఆటోలు గ్యాస్‌తో నడుస్తున్నాయి కదా అత్తయ్యా. ఇదీ అలాంటి ఇంజనే. చక్రాలకు బదులు కంప్రెసర్‌ని తిప్పుతుంది."

ఆవిడ ఒప్పుకోలేదు, అలాగని అడ్డూ చెప్పలేదు. ఇంజన్ బిగించిన రోజున మాత్రం గ్యాస్ వాసన వస్తోందేమోనని ప్రతి మూలా తిరిగి చూశారు. వాసనేమీ రాలేదు. మేము అనుకోని ఇబ్బంది ఇంకోవైపు నుంచి వచ్చింది.

మా పక్క మేడలో ఆడపిల్లల హాస్టల్ ఉంది. ఊళ్ళ నుంచి వచ్చి ప్రభుత్వోద్యోగాల పరీక్షలకు చదువుకునేవాళ్ళు అందులో ఉంటారు. ఆ వారంలోనే ఒకమ్మాయి మా ఆఫీసు గుమ్మంలో వచ్చి నిలబడింది.

"అక్క, మీ ఇంజన్ సప్పుడుకు ఏం సదివినా ఎక్కుతలేదు. జర తగ్గిస్తరా?"

"కొత్తది కదమ్మా, అలవాటవుతుందిలే," అన్నాను.

"అలవాటయ్యేలోపు పరీక్ష అయిపోతది అక్క."

కోపంగా అనలేదు. ఆమె వెంట వెళ్ళి వాళ్ళ గదిలో కూర్చున్నాను. కిటికీ రెక్కలు సన్నగా అదురుతున్నాయి. కాసేపటికే నాకు తల దిమ్మెక్కింది.

"పగలు కూడా ఇక్కడే ఉంటారా?"

"లేదక్క. పొద్దుగాల అశోక్‌నగర్ల కోచింగ్, ఆడికెల్లి లైబ్రరీ. పొద్దుగూకినంక వస్తం."

దాంతో ఒక దారి దొరికింది. పగలంతా ఇంజన్ నడిపి, వాళ్ళు తిరిగొచ్చే వేళకు పాత కరెంటు మోటారుకు మార్చేవాళ్ళం. దాని చప్పుడు తక్కువ. రాత్రి కాసేపు కరెంటు పోయినా, ఐసు అచ్చులు మునిగి ఉండే ఉప్పునీటి తొట్టె అప్పటికే బాగా చల్లబడి ఉండేది కాబట్టి దిమ్మలు కరిగేవి కావు. "కొత్త ఇంజన్ తెచ్చి సగంరోజు పడుకోబెడుతున్నాం," అని మా ఆయన గొణిగారు గానీ ఆ పద్ధతి మార్చమనలేదు.

వానలు మొదలయ్యాక ఇంజన్ చుట్టూ మందపాటి గోడలు కట్టించి, పెద్ద సైలెన్సర్ పెట్టించాం. ఇప్పుడు ఏ వేళైనా నడుపుతాం. ఆ మాట ఆ అమ్మాయికి చెబుదామని హాస్టల్‌కి వెళ్తే, పరీక్ష రాసి ఊరికి వెళ్ళిపోయిందన్నారు. ఉద్యోగం వచ్చిందో లేదో ఎవరికీ తెలియదు. ఆ గదిలో వేరే అమ్మాయి చదువుకుంటోంది. ఇంజన్ వినిపిస్తోందా అని అడిగాను.

"బండ్ల సప్పుడే ఎక్కువున్నది అక్క," అంది పుస్తకంలోంచి తలెత్తి.