తలవంచుకున్న ఏడు రోజులు

మొన్న బుధవారం పొద్దున్నే మా బావగారు గోడ మీంచి పిలిచి, "మీ అక్క లేవట్లేదమ్మా, ఒకసారి రా," అన్నారు. నేను వెళ్ళేసరికే ఒళ్ళు చల్లబడిపోయింది. మా పెద్ద తోడికోడలు నిద్రలోనే వెళ్ళిపోయింది. తిరువూరులో ముప్పై ఏళ్ళు పక్కపక్క ఇళ్ళలో కాపురాలు చేశాం. ఏడుపు కంటే ముందు నాకు వచ్చిన ఆలోచన చెబితే మీరు అసహ్యించుకుంటారు. చావు కూడా ఎంత తేలిగ్గా వచ్చింది ఈవిడకి, అనుకున్నాను.

ఆవిడంటే నాకు కుళ్ళు. ఇద్దరం జాకెట్లు కుట్టేవాళ్ళం. వినగడప నుంచీ గంపలగూడెం నుంచీ ఆటోల్లో వచ్చే ఆడవాళ్ళు ఆవిడ గుమ్మంలోకే వెళ్ళేవాళ్ళు. ఆవిడకి ఖాళీ లేకపోతేనే నా వైపు తిరిగేవాళ్ళు. పెదాల మధ్య గుండుసూదులు పెట్టుకునే అందరితో కబుర్లు చెప్పేది. కుట్టు తప్పి నేను విసుక్కుంటుంటే, "విప్పడం చేతగానివాళ్ళు కుట్టకూడదే," అనేది తాపీగా. ఆ తాపీ చూసినా నాకు మంటే.

కొన్నాళ్ళ కిందట ఆవిడకి టేపు మీద గీతలు వంకరగా కనిపించడం మొదలైంది. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తున్నాయి గాని ముక్కు కనిపించట్లేదంది. వారం తిరక్కుండా బావగారితో విజయవాడ బస్సెక్కింది. కంటి వెనక పొరకి నడిమధ్యలో చిన్న కన్నం పడిందనీ, దాన్ని మాక్యులర్ హోల్ అంటారనీ డాక్టరుగారు చెప్పారట. ఆపరేషన్ చేసి కంట్లో గ్యాస్ నింపారు. ఆ బుడగ కన్నాన్ని అదిమి పట్టాలంటే వారం రోజులు ముఖం నేలవైపే ఉంచాలి.

ఇది వింటూ కుడి కన్ను మూసి చూసుకున్నాను. అవే వంకర గీతలు నా ఎడమ కంట్లో అప్పటికే రెండేళ్ళుగా ఉన్నాయి. మొదట చత్వారం అనుకున్నాను. ఆ తర్వాత, చూపు తగ్గిందని తెలిస్తే నా దగ్గరికి వచ్చే నలుగురూ ఆవిడకే పోతారని ఎవరికీ చెప్పలేదు.

ఆ వారం ఆవిడ కుట్టుమిషను బల్ల మీద దిండు వేసుకుని, దానికి నుదురు ఆనించి కూర్చునేది. వీధి వీధంతా పలకరించడానికి వచ్చింది. నేనూ వెళ్ళి కుర్చీలో కూర్చుని, వచ్చినవాళ్ళతో మాట్లాడేదాన్ని. ఒక్కసారైనా వంగి ఆవిడ ముఖంలోకి చూడలేదు. ఆవిడకి నా పాదాలే కనిపించేవి. ఒకరోజు నేను కుడుతున్న జాకెట్టు ఒళ్ళోంచి జారి ఆవిడ కాళ్ళ దగ్గర పడింది. బాగున్న కంటితో దాన్నే చూస్తూ ఉండిపోయింది.

"ఈ వంకర కుట్టు నీది కాదే. ఎన్నాళ్ళైంది?"

"ఏంటక్కా?"

"కన్ను. నా దగ్గర దాచకు."

తను కాస్త కోలుకోగానే నన్ను వెంటబెట్టుకుని విజయవాడ తీసుకెళ్ళింది. "బాగా పాతబడిపోయిందమ్మా. కన్నం మూసుకున్నా చూపు ఎంత వస్తుందో చెప్పలేను," అన్నారు డాక్టరుగారు. నాకూ ఆపరేషన్ చేశాక అలాగే అయింది. కన్నం మూసుకుంది, గీతలు కొంచెం నిటారయ్యాయి, ఆ కంటితో చదవడం మాత్రం రాలేదు. ఆవిడేమో సూదిలో దారం ఎక్కిస్తోంది. ఒకరోజు ఉండబట్టలేక అనేశాను.

"దేవుడికి నువ్వంటేనే ఇష్టం అక్కా. నా చూపు కూడా నీకే ఇచ్చాడు."

ఆవిడ పెదాల మధ్య సూదులు తీసి డబ్బాలో పెట్టింది. "రెండేళ్ళు దాచావు. నన్ను చూసే కదా దాచావు? నాకు బాధుండదా?"

మర్నాటి నుంచి, వచ్చినవాళ్ళకల్లా "మేమిద్దరం కలిసి కుడతాం" అని చెప్పడం మొదలెట్టింది. దానికీ కుళ్ళుకున్నాను, మంచితనం కూడా ఆవిడకే వచ్చిందని.

ఇప్పుడు కుళ్ళుకుందామన్నా పక్కింట్లో మనిషి లేదు. పదే పదే గుర్తొచ్చేది నా ఆపరేషన్ అయిన వారమే. మంచం అంచు మీంచి ముఖం కిందికి పెట్టి బోర్లా పడుకున్నాను. ఎంతసేపూ గచ్చే. మొదటిరోజు మధ్యాహ్నమే ఆవిడ చాప తెచ్చి, సరిగ్గా నా ముఖం కింద పరిచి వెల్లకిలా పడుకుంది. అరవై దాటిన మనిషి.

"ఏంటక్కా ఇది?"

"వారం రోజులు గచ్చు చూస్తూ ఎలా ఉంటావే? నాకు తెలుసుగా."

ఏడు రోజులూ అలాగే వచ్చి పడుకుని కబుర్లు చెప్పింది. ఒకసారి నా కంట్లోంచి బొట్టు జారి ఆవిడ చెంప మీద పడింది.

"ఏడుస్తున్నావా?"

"కాదక్కా, చుక్కల మందు."

"అలాగా," అంది. చెంప తుడుచుకోలేదు. ఆ ఏటి మామిడి కాపు గురించి చెబుతూ, కింద నుంచి నన్నే చూస్తూ ఉండిపోయింది.