బహుళ దశమి నాటి కేకు

కిందటి గురువారం ఉదయం పాలు పోసే ఆవిడ బిందె దించకుండానే చెప్పింది: "పక్కింటి నర్సమ్మ పోనాదండి పంతులుగారూ. తెల్లారి ప్రార్థనకి లేవనేదట." ఆచమనానికి తీసుకున్న నీళ్ళు నా అరచేతిలోనే ఉండిపోయాయి.

విజయనగరంలో మా రెండిళ్ళకూ గోడ ఒక్కటే. మిషను ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి పురుళ్ళు పోసిన మనిషి ఆవిడ. మా అమ్మాయి నొప్పులు పడుతుంటే, వర్జ్యం దాటాక బిడ్డ పుడితే బాగుండునని గుమ్మంలో నిలబడి అన్నాను. "పురిటికి పంచాంగం తెలీదండి పంతులుగారూ, అడ్డు లేవండి" అని నన్ను పక్కకు తప్పించింది. మా మనవరాలిని ఈ లోకంలో మొదట ఎత్తుకున్నవి ఆ చేతులే.

పిల్లకు అన్నప్రాశన అయినది మొదలు, మా అమ్మాయి అన్నం కలిపి ఆవిడ అరుగు మీదికి తీసుకువెళితే తప్ప నోరు తెరిచేది కాదు. "ఒసే, ఈ ముద్ద కాకికి పెట్టీమంటావేటి?" అని ఆవిడ బెదిరిస్తే కిలకిల నవ్వి మింగేది.

మూడో ఏడు నిండబోతున్న రోజులలో ఆవిడ గోడ దగ్గరకు వచ్చింది.

"మీరు తిథి బట్టి సేస్తారు కదండీ. పాప పుట్టినరోజు ఎప్పుడు పడింది? కేకు సెయ్యాల. రెండు నెల్లబట్టి రేషను పంచదార దాస్తన్నాను."

పిల్ల పుట్టింది ఫాల్గుణ శుద్ధ దశమి నాడు. ఆనాటి ఆయుష్యహోమానికి బొబ్బిలి నుంచి మా వియ్యాలవారు రానున్నారు, నిష్ఠాపరులు. వారి ఎదుట ఆవిడ కేకు పట్టుకుని మా గుమ్మం ఎక్కడాన్ని ఊహించుకుని జంకాను. "బహుళ దశమి" అన్నాను. సత్యమే పలకాలన్న ఉపనిషద్వాక్యాన్ని ఎందరు శిష్యులచేతనో వల్లె వేయించిన నోరది.

ఆవిడ నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, "అలాగేనండి" అంది.

హోమం నాడు ఆవిడ ఇంటికి తాళం వేసి ఉంది. భావనపాడులో చెల్లెలి ఇంటికి వెళ్ళిందన్నారు. దైవం నన్ను గట్టెక్కించిందనుకున్నాను.

బహుళ దశమి సాయంకాలం కేకు వచ్చింది. "గుడ్డు ముట్టనేదండి. పెరుగూ సోడా యేసి, ఇసక పోసిన డేగిసాలో కాల్చాను. గిన్నె కూడా కొత్తదే." పిల్ల రెండు చేతులతో తిన్నది. నా ముక్క నా ముందు పెడితే, మర్నాడు ఏకాదశి గనుక ఈ రోజు ఒంటిపూట, సాయంత్రం ఏమీ తిననన్నాను.

"నా కేకుని సూసీసరికి మీకు ఉపోసం వచ్చీస్తాదండి!" అని పకపక నవ్వింది.

ఆపై ప్రతి ఏడూ ఫాల్గుణంలో గోడ దగ్గర అదే ప్రశ్న: "ఈయేడు బహుళ దశమి ఎప్పుడండీ?" నేను పంచాంగం తెరిచి, నా అబద్ధాన్ని వెతికి, తారీఖు చెప్పేవాణ్ణి. నిజం చెప్పేందుకు మూడు ఫాల్గుణాలు దొరికాయి. మూడింటినీ జారవిడిచాను.

మొన్న ఆదివారం పరామర్శకు వెళ్ళాను. ఆ గడప దాటడం నాకదే మొదలు. భావనపాడు నుంచి వచ్చిన చెల్లెలు నా పక్కనున్న పిల్లను దగ్గరకు తీసుకుంది.

"నువ్వేనేటే పాపవి! నీ పుట్టినరోజొస్తే సాలు, అక్క మా యింటికొచ్చీసీది."

"పుట్టినరోజుకా?" అన్నాను.

"అవునండి. ఆరోజు మీ యింటికి సుట్టాలొస్తారట కదా, తనని సూస్తే మీరు ఇబ్బంది పడిపోతారని."

"ఆవిడకు తెలుసా?"

"తెలీదేటండి? బొడ్డు కోసింది అక్కే కదా. పున్నమి ముందర పుట్టిన పిల్లకి అమాస ముందర పుట్టినరోజేటని నవ్వీది. పంతులుగారు నోరు జారీనారు, మనం పట్టుకోకూడదనీది."

ఆమె మాటలో నిష్ఠూరం లేదు. ఉండి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో.

ఇంతలో లోపలి నుంచి పళ్ళెంలో టీ గ్లాసులు వచ్చాయి. ఆ చెల్లెలే ఒక్కొక్కరికీ అందిస్తూ నా దాకా వచ్చి, గ్లాసు మీద వేసిన చెయ్యి వెనక్కి తీసుకుంది. "మీరు మా యింట తాగరు కదండీ, పంతులుగారూ" అంది ఎంతో మర్యాదగా. గ్లాసు కోసం చాపబోయిన చేతిని ఒళ్ళోకి తీసుకున్నాను. పొగలు కక్కుతున్న ఆ పళ్ళెం నన్ను దాటి పక్కవారి దగ్గరకు వెళ్ళిపోయింది.