మరియమ్మ మీదుగా బ్రేకు గాలి

నాచారంలో మా పక్కింటి కృపానందానికి రెండు పంతాలు. ఒకటి, తన మారుతి మీద మెకానిక్ చెయ్యి పడకూడదు. రెండోది, చర్చి కమిటీ ఎన్నికల్లో తనకు ఓటెయ్యని బామ్మర్ది సామ్యేలుతో మాట్లాడకూడదు. తొంభై నాలుగులో ఒక శనివారం ఆ రెండూ ఢీకొన్నాయి.

పొద్దున్నే ముందు చక్రాన్ని నొక్కి ఆపే బ్రేకు కాలిపర్ విప్పి, కొత్త రబ్బరు సీలు వేసి బిగించాడు. ఇక, పెడల్ మెత్తగా దిగిపోకుండా, బ్రేకు ఆయిల్ గొట్టంలో చేరిన గాలి తీయాలి. అది ఇద్దరి పని. ఒకరు లోపల పెడల్ తొక్కిపట్టాలి, ఇంకొకరు చక్రం దగ్గర గాలి పోయే చిన్న మరను, నిపుల్‌ను, వదులు చేసి మళ్ళీ బిగించాలి. ఈలోపు కాలు తీస్తే పోయిన గాలి తిరిగి లోపలికే.

మర్నాడు ఉప్పల్ నుంచి అతిథి పాస్టరు గారిని తన బండిలోనే తెస్తానని, ఓడిపోయిన రోజే చర్చి గుమ్మంలో అందరి ముందూ అనేశాడు. తేలేకపోతే గెలిచినవాడి అంబాసిడర్ వెళ్తుంది. అందుకే భార్య మరియమ్మ తమ్ముణ్ణి పిలిపించింది.

"తొక్కుమను నీ తమ్ముణ్ణి," అన్నాడు కృపానందం చక్రం దగ్గర కూర్చుని.

"తొక్కుమంటున్నడు రా."

"తొక్కిన అని చెప్పక్కా ఆయనకు."

"తొక్కిండట."

నిపుల్ తెరిచాడు. "గట్లనే పట్టమను!" ఆ మాట మరియమ్మ మీదుగా చేరేసరికి సామ్యేలు కాలెత్తేశాడు. మళ్ళీ మొదటికి. మధ్యాహ్నం దాకా ఇదే తంతు.

"నీ తమ్ముని కాలు గూడ ఎదుటోని దిక్కే!"

"ఓట్లు రానోనికి కోపమెక్కువ అని చెప్పక్కా!"

"నేనేమన్న టెలిఫోన్‌నా? మీరే తొక్కుకోన్రి, మీరే తిట్టుకోన్రి!" అని మరియమ్మ లోపలికి పోయి తలుపేసుకుంది.

కృపానందం మళ్ళీ నిపుల్ మీద స్పానర్ పెట్టాడు. తర్వాత వీధంతా విన్నది.

"పట్టర దొంగా!"

"పట్టిన, ఇప్పు!"

"కాలు తీసినవో ఇరగ్గొడ్త!"

"బిగిచ్చినవా లేదా, ముందు గది చెప్పు!"

బూతు తరవాత బూతు, బుడగ తరవాత బుడగ. సాయంత్రానికి పెడల్ రాయిలా గట్టిపడింది.

ఆదివారం సామ్యేలు చర్చి గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. కృపానందం బండిని నేరుగా అతని మీదికే తెచ్చి, మోకాళ్ళకు జానెడు దూరంలో బ్రేకు తొక్కాడు. పాస్టరు గారి కళ్ళజోడు డాష్‌బోర్డు మీద పడింది. మేమంతా కెవ్వుమన్నాం. సామ్యేలు మాత్రం కదల్లేదు.

"జరుగవేంది రా?" అన్నాడు కృపానందం తల బయటపెట్టి.

"నేను తొక్కిన బ్రేకు ఆగకపోతదా, బావా? నువ్వొక్కనివే జేసుంటే ఎప్పుడో ఉరుకుతుంటి."