పేలని మందు

“ఒకటి పేలలేదు సార్. భూమిలనే ఉన్నది. పైన వైరు లేదు, ఏడున్నదని ఎతుకుడు? రేపు ఎవలన్న గడ్డపార ఏస్తే ఎట్ల?”

లింబయ్య జీపు పక్కన నిలబడి అడిగాడు. సూపర్‌వైజరు జీపు మీద టీ గ్లాసు పెట్టి, పేలిందనే అనుకొమ్మన్నాడు. మర్నాడు డేరాలెత్తాలి. ఒక్క బోరు కోసం ఎవరాగుతారు?

ఎనభైల చివర, బోధన్ పక్క పల్లెల్లో చెరుకు కోతలు మొదలయ్యే కాలమది. ఆ నల్లరాతి నేల కింద ఎప్పటిదో సముద్రపు మట్టి దాగి ఉందేమో, అందులో చమురుందేమో చూడాలని ఒక సర్వే ముఠా వచ్చింది. తోటల మధ్య వరుసగా సన్నటి బోర్లు వేసి, అడుగున పేలుడు మందు దించి, మట్టి కప్పి, వైరు మాత్రం పైకి వదిలేవారు. తర్వాత ఇంకో జట్టు వచ్చి ఆ వైరుకు కరెంటు కలిపి పేల్చేది. లోపలి పొరలకు తగిలి తిరిగొచ్చే అదురును యంత్రాలు పట్టుకునేవి. లింబయ్య ఆ పేల్చే జట్టులో కూలి.

పేలాక మిగిలిన వైరు ముక్కలు ఎవరికీ పనికిరావు. లింబయ్య వాటిని ఇంటికి తెచ్చేవాడు. అతని భార్య భూమవ్వ బీడీలు చేస్తుంది. ఒళ్లో పెట్టుకునే చాట అంచు ఊడిపోతుంటే పచ్చటి వైరుతో చుట్టింది. అది చూసి వాడకట్టు ఆడవాళ్లందరికీ వైరు కావాల్సి వచ్చింది. చాటలకు చుట్టారు, పిల్లలకు గాజులల్లారు.

“ఏమే భూమవ్వా, నూనె దొరికితే మీ ఆయనకు ఓ డబ్బ ఇస్తరటనా?” అనేది పక్కింటి వసంతమ్మ.

“డబ్బెందుకక్కా, బాయే ఇస్తరట. ఇగ గ్యాస్‌నూనెకు రేషన్ దుకాణం కాడ లైన్ల నిలవడుడు తప్పుతది,” అనేది భూమవ్వ. అందరూ పగలబడి నవ్వేవారు.

పేలిన వైరు మాడి, పొట్టిగా వచ్చేది. పేలకముందే తెంపితే పొడుగ్గా, నిగనిగలాడుతూ ఉంటుందని ఆ నవ్వుల్లో ఎవరికీ తోచలేదు. తోచింది లింబయ్య బిడ్డ అంజవ్వకు. తల్లి బీడీ ఆకు కత్తిరించే కత్తెర పట్టుకుపోయి, ఆత్మారాం పటేలు చెరుకుతోటలో మట్టిదాకా తెంపుకొచ్చింది. బోరు గుర్తుకని పక్కన పాతిన కట్టెను కూడా పొయ్యిలోకని తెచ్చింది.

సూపర్‌వైజరు దగ్గరనుంచి ఇంటికొచ్చిన లింబయ్యకు చూరుకు వేలాడుతున్న ఆ వైరు కనబడింది. ఎక్కడా మాడలేదు. మరుక్షణం పిల్ల చెంప పేలిపోయింది.

“ఏడ తెంపినవే? చెప్తవా, సంపాల్నా?”

“తొవ్వల దొరికింది బాపూ.”

“అబద్ధమాడ్తవానే?” మళ్లీ చెయ్యెత్తాడు.

“మోటరు బాయి కాడ,” అంది పిల్ల, చేతులు అడ్డం పెట్టుకుని.

పటేలు తోటలోని మోటారు బావి చుట్టూ లింబయ్య ఒక్కడే వేళ్లతో మట్టి తోడుకుంటూ వెతికాడు. గడ్డపార వేయడానికి ధైర్యం చాలలేదు. వైరు మొదలు దొరకలేదు. ఈలోపు డేరాలు వెళ్లిపోయాయి. చక్కెర ఫ్యాక్టరీ నుంచి కోత ఆర్డరు వచ్చింది, చెరుకు కొట్టేశారు. మోడు మళ్లీ చిగురించాలంటే ఎండాకు తగలబెట్టడం ఆనవాయితీ. లింబయ్య పటేలు కాళ్లు పట్టుకున్నాడు.

“జర ఆగు పటేలా. ఆనవాలు పోతది.”

“నీ బిడ్డ చేసినదానికి నా తోట ఎండవెట్టాల్నారా? నీ నూనెగాళ్లను పిలుసుకరా, వాళ్లనే తవ్వమను,” అన్నాడు ఆత్మారాం. నిప్పు పెట్టించాడు.

మంట ఆరాక సాయంత్రం అంజవ్వ తండ్రి వెనక వచ్చి నిలబడింది. “బాయి కాడ కాదు బాపూ,” అంది మెల్లగా. “నువ్వు కొడ్తవని ఏదో ఒకటి చెప్పిన. గా పొడుగు చెరుకుల నడుమ.”

లింబయ్య ఆమె చెయ్యి పట్టుకుని మడిలోకి నడిపించాడు. పొడుగు చెరుకూ లేదు, పొట్టి చెరుకూ లేదు. ఎటు చూసినా ఒకటే నలుపు. పిల్ల ఇటు నాలుగడుగులు, అటు నాలుగడుగులు వేసి, నడిమిట్లో కూలబడి ఏడ్చింది. ఆ చోటు ఆమెకూ తెలియలేదు, ఇక ఎవరికీ తెలియలేదు.

మంటకేమీ కాలేదు. మందు అంత పైన ఉండదు. అయినా ఆ మడిలో నాగలి పెట్టడానికి ఎవరూ ఒప్పుకోలేదు, ముళ్లకంప మొలిచింది. ఊళ్లో వాళ్లింటికి “మందుగుండోళ్లు” అని పేరు పడింది. లింబయ్యను కోతకు పిలిచేవాళ్లు తగ్గారు. పటేలు మనుషులు ఎదురైతే పక్కకు తప్పుకునేవాడు. చివరికి నిజామాబాద్ వచ్చి, కంఠేశ్వర్‌లో ఒక పిల్లల దవాఖానాకు వాచ్‌మన్‌గా కుదిరాడు. చమురుందో లేదో ఆ ఊరికి ఎవరూ వచ్చి చెప్పలేదు.

అంజవ్వను మోర్తాడ్‌ ఊరికిచ్చి పెళ్లి చేశారు. పసుపు ఉడకబెట్టే కడాయి దగ్గర ఆమె చెయ్యి కాలిన సంగతి లింబయ్యకు రెండు నెలల తర్వాత, ఎవరో బంధువుల పెళ్లిలో తెలిసింది. కడుపు పోయిన సంగతి అంతకన్నా ఆలస్యంగా తెలిసింది. “నాకెందుకు చెప్పలేదు బిడ్డా?” అని అడిగితే, “ఏమంటవోనని,” అంది. ఆ రోజు అన్నం ముందు కూర్చుని తినకుండానే లేచాడు.

దవాఖానా గేటు దగ్గర ఆయన రోజూ చూసేది పిల్లల్ని తిడుతూ తెచ్చే తల్లిదండ్రుల్నే. ఒకనాడు నోట్లో ఏదో వేసుకున్న మూడేళ్ల పిల్లను ఎత్తుకుని, ఏం మింగావని అరుస్తూ ఆటో దిగిన కుర్ర తండ్రిని ఆపాడు. ఆ తండ్రి ఫిజిక్స్ చదివినవాడే. అయినా ఆ క్షణంలో ఏమీ తోచని స్థితిలో ఉన్నాడు. పిల్ల భయంతో పెదాలు బిగించుకుంది. లింబయ్య మోకాళ్ల మీద కూర్చుని, “గది తియ్యగున్నదా అవ్వా? ఇంకున్నయా? ఏడ దొరికింది, నాకూ సూపెడ్తవా?” అని అడిగాడు. పిల్ల తండ్రి చొక్కా జేబు వైపు వేలు చూపింది. అందులో తలనొప్పి మాత్రల పట్టీ ఉంది. డాక్టరుకు చెప్పడానికి అది చాలింది.

ఆ కుర్ర తండ్రిని నేనే. ఆ మధ్యాహ్నం బెంచీ మీద ఆయన నాకు ఈ కథంతా చెప్పాడు. పిల్ల బాగుంది, ఇప్పుడు బడికి వెళ్తోంది. మా ఇంట్లో ఏది పగిలినా, ఏది పోయినా, ఆయన చెప్పిన వరసే నడుస్తోంది:

“ముందుగాల ఏడ దొరికిందని మెల్లగ అడుగు సారూ. తిట్టుడెటువోతది, ఎనకనన్న తిట్టొచ్చు.”