పందిరిలో వదిలిన సందు

దయ్యాలు, ఆత్మలు అంటే నాకు మొదటినుంచీ నవ్వే. హిందూపురంలో పెళ్ళిళ్ళకు డ్రోన్ ఎగరేయడం నా పని. శ్మశానాల మీదుగా, పాడుబడిన కోటగోడల మీదుగా ఎన్నోసార్లు ఎగరేశాను. తీసిన ప్రతి ముక్కనూ ఆపి ఆపి చూసుకుంటాను. రాళ్ళు, కంపచెట్లు, గొర్రెలు తప్ప నాకు ఇంకేమీ కనపడలేదు. అందుకే ఈ సంగతి రాయడానికి ఇంతకాలం చేయి రాలేదు. నమ్మమని ఎవరినీ అడగను.

పెళ్ళికూతురు లావణ్యది ధర్మవరం. పట్టుచీరలు నేసే ఇల్లు. నాయన మగ్గం గుంతలో, అమ్మ కండెలు చుడుతూ ఉంటే ఆ పిల్లను పెంచింది నాయనమ్మే. ఆ అవ్వ తుంటి ఎముక విరిగి మంచం పట్టింది. పెళ్ళేమో పెనుకొండ దగ్గర, పెళ్ళికొడుకు వాళ్ళ చేనులో. కారులో పడుకోబెట్టి తీసుకుపోయినా ప్రమాదమేనని, ఆమె ఇంకెన్నాళ్ళో ఉండదని డాక్టరు చెప్పేశాడు.

లావణ్య మా ఫోటో షాపుకు వచ్చి అడిగింది ఒక్కటే.

"అన్నా, ఆల్బమ్ ఎట్లున్నా ఫర్వాలేదు. నాకు తాళి కట్టేది మా అవ్వ చూడాల. నీ డ్రోన్‌లోనించి మా ఇంట్లో టీవీకి వచ్చేటట్ల చేస్తావా?"

కింద కెమెరా పెట్టి చూపించవచ్చు కదా అనుకుంటారేమో. తాళి కట్టే సమయానికి చుట్టాలంతా పీటల చుట్టూ మూగుతారు. కింద కెమెరాకు దొరికేది వీపులే. పైనుంచి అయితేనే పని జరుగుతుంది. చేస్తానని మాటిచ్చాను.

పెళ్ళికి ముందే రెండిళ్ళవాళ్ళతో కలిసి పెనుకొండ పోయి చేను చూసుకున్నాం. చెనిక్కాయలు పీకేసిన మట్టి మెత్తగా ఉంది. కాలి మడమతో గీతలు గీసి, పీటలు ఇక్కడ, మేళం అక్కడ, డ్రోన్ లేచేది ఈ మూల అని చూపించాను. కరెంటు తీగలు ఎటు పోతున్నాయో, కొండ పక్కనుంచి గాలి ఎట్లా తిరుగుతుందో లెక్క వేసుకున్నాను. అందరూ బుద్ధిగా తలలూపారు. ఇంతలో పందిరివాళ్ళు వచ్చి ఆటోలోంచి గుడ్డల మూటలు దించారు. అప్పుడు తట్టింది నాకు, పందిరికి కప్పు ఉంటుందని. కప్పు ఉంటే పైనుంచి కనపడేది గుడ్డే. ఇంత ప్లాను వేసి ఆ ముక్క ఒక్కరికీ తోచలేదు.

కప్పు లేకుండా తాళి కట్టించనని పురోహితుడు పట్టుపట్టాడు. చివరికి పీటల పైన మాత్రం సందు వదిలి, దానికి విడిగా ఒక గుడ్డ కప్పి, గట్టిమేళం మోగగానే దాన్ని పక్కకు లాగాలని ఒప్పందమైంది.

"మీరు పెళ్ళికి పందిరి వేస్తాండారా, పందిరికి బొక్క పెడతాండారా?" అన్నాడు పెళ్ళికొడుకు నాయన. అందరం నవ్వాం.

లావణ్యకు ఒకటే గట్టిగా చెప్పాను. ఏం జరిగినా డ్రోన్ వైపు తలెత్తి చూడొద్దని. చూస్తే వీడియో అంతా నాటకంలా ఉంటుంది. సరేనంది.

ముందురోజు ధర్మవరం వెళ్ళి అవ్వ మంచానికి ఎదురుగా టీవీ కుదిర్చాను. చేను చూడటానికి పోయినప్పుడు తీసిన వీడియో వేసి చూపించాను. అవ్వ కాసేపు చూసి అడిగింది.

"పిల్ల యాడ?"

"రేపు కనపడుతుంది అవ్వా."

"సరే, రేపటిదాకా ఉంటాలే," అంది.

పెళ్ళిరోజు పొద్దున లైవ్ బాగానే మొదలైంది. జనం చేరేకొద్దీ సిగ్నల్ పోతూ వచ్చింది. అవ్వ దగ్గర ఉండిపోయిన లావణ్య చిన్నమ్మకు ఫోన్ చేశాను.

"ఇప్పుడేమీ వస్తాలేదన్నా. గుండ్రంగా తిరుగుతానే ఉండాది," అంది.

సిమ్ మార్చాను. చేను గట్టు దాకా పరుగెత్తి చూశాను. కాసేపటికి ఫోన్ కూడా కలవలేదు. పీటల మీద కూర్చున్న పిల్లకు ఈ మాట ఎట్లా చెప్పేది? కనీసం బాగా తీసి, తర్వాత తీసుకుపోయి చూపిద్దామనుకున్నాను.

గట్టిమేళం మోగింది. గుడ్డ లాగేశారు. డ్రోన్‌ను సందు మీద నిలబెట్టాను. తాళి కట్టాడు. మెడలోని పూలహారం కింద తాళి కనపడకుండా పోయింది. అంతలో లావణ్య తలెత్తి సూటిగా డ్రోన్‌లోకి చూసింది. హారాన్ని చేత్తో పక్కకు జరిపి నవ్వింది. అంత చెప్పినా వినలేదని పళ్ళు కొరుక్కున్నాను.

భోజనం కూడా చేయకుండా ల్యాప్‌టాప్ తీసుకుని ధర్మవరం బయలుదేరాను. నేను చేరేదాకా ఆ ముసలామె ఉంటే చాలని దారంతా అదే ధ్యాస. ఎదురొచ్చిన ప్రతి లారీనీ తిట్టుకున్నాను.

చిన్నమ్మ తలుపు తీసింది.

"టీవీ ఇంక రాదులే అని కట్టేస్తినన్నా. అవ్వ నిద్రపోయిందనుకుంటి. ముహూర్తం దాటిందేమోనని నేను గడియారం చూస్తాంటే ఉన్నట్టుండి కండ్లు తెరిచి, 'హారం అడ్డం వస్తాండాది, పక్కకు తియ్యి పాపా' అనె. ఇంకోసారి కూడా అనె. మళ్ళా నవ్వుకుంటా పండుకునె. కలవరింత ఏమో."

ఆ వీడియో నేను తప్ప ఎవరూ చూడలేదు. మెమరీ కార్డు నా జేబులోనే ఉంది. పెళ్ళినుంచి ఎవరైనా ఫోన్ చేశారా అని అడిగాను. నువ్వు తప్ప ఎవరూ చేయలేదంది.

ల్యాప్‌టాప్ మంచం మీద పెట్టి పిలిచాను. అవ్వ కళ్ళు తెరిచింది. తెర వైపు చూడలేదు. నా ముఖం చూసింది.

"చూస్తి కదప్పా. మళ్ళా ఎందుకు?"

టీవీ రాలేదని లావణ్యకు చెప్పొద్దని చిన్నమ్మను బతిమాలి వచ్చేశాను. ఆ వారం గడవకముందే అవ్వ పోయింది.

కర్మలన్నీ అయ్యాక లావణ్య వీడియో కోసం షాపుకు వచ్చింది. వేసి చూపిస్తుంటే తాళి కట్టే ముక్క వచ్చినప్పుడు నేనే అడిగాను, తలెత్తొద్దని చెబితే ఎందుకు ఎత్తావని.

"అవ్వ పిలిచె కదన్నా. హారం అడ్డం వస్తాందంటే తీసినా. డ్రోన్‌లో స్పీకర్ పెట్టినావని ముందే చెప్పింటే నేను కూడా నాలుగు మాటలు మాట్లాడింటి," అంది. అని ఏడ్చింది.

నా డ్రోన్‌కు స్పీకర్ లేదు. మైకు లేదు. గట్టిమేళంలో పక్కనున్న మనిషి అరిచినా వినపడదు. ఆ ముక్కను ఎన్నిసార్లో వేసి చూశాను. పిల్ల ముఖం, హారం, తాళి, అంతే.

ఆమె ముందు మాత్రం అవునమ్మా అని తలూపాను. టీవీ రాలేదని ఇప్పటికీ చెప్పలేదు. చెబితే, "మరి నన్ను పిలిచిందెవరు అన్నా?" అని అడుగుతుంది.